ల్యాండ్‌లైన్ లేని ఇళ్లు, ఫోన్ సర్వేల లెక్క

ప్రశ్న (అమలాపురం): మా వీధిలో ల్యాండ్‌లైన్ ఉన్న ఇల్లు ఒక్కటీ మిగలలేదు. టెలిఫోన్ సర్వేలలో మావంటి వారి అభిప్రాయం చేరుతుందా?

జవాబు (భీమవరం): అమెరికాలో ఈ చిక్కు ముందే వచ్చిందండీ. సెల్‌ఫోన్ మాత్రమే ఉన్నవారిలో యువకులు, అద్దె ఇళ్లవారు ఎక్కువ కనుక, ల్యాండ్‌లైన్లకే ఫోన్ చేస్తే వారి వాటా తగ్గిపోతుంది. వయసును బట్టి లెక్క సరిచేసినా లోటు పూర్తిగా తీరదు, ఎందుకంటే ల్యాండ్‌లైన్ ఉన్న యువకుడు, లేని యువకుడు ఒకే తీరుగా జీవించరు. పైగా 1991 నాటి చట్టం వల్ల అక్కడ అనుమతి లేకుండా సెల్ నంబర్లకు యంత్రంతో డయల్ చేయడం కుదరక, ఖర్చు పెరిగింది.

జవాబు (నరసాపురం): మన దగ్గర చిక్కు వేరు. రెండు సిమ్‌లున్నవారు ఎంపికయ్యే అవకాశం దాదాపు రెట్టింపు. కువైట్ వెళ్లినవారి పాత నంబరేమో ఇంట్లో అత్తగారి చేతిలో ఉంటుంది. ఎన్ని నంబర్లున్నాయో అడగని సర్వేను నేను నమ్మను.

ప్రశ్న అడిగినవారు: నన్నెవరూ అడగలేదండీ, రెండు సిమ్‌లున్నా.