దుడుకుతనం ముందా, తాగుడు ముందా? తమ్ముడి విషయంలో సలహా కావాలి

మాది హనుమకొండ. తమ్ముడికి 26 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ వాడికి ఆగడం తెలియదు. బియ్యం బస్తా తెమ్మని చౌరస్తాకు పంపితే, ఆ డబ్బుతో పావురాల జత కొనుక్కొచ్చిన ఘనుడు. అప్పుడు అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు ఆ తొందరే సీసా మీదికి మళ్లింది. "ఈ ఒక్కరోజే అక్కా" అంటాడు. ఆ మాట అనేటప్పుడు నిజంగానే నమ్ముతాడు, నా బాధంతా అదే. పొద్దున టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా సాసర్‌లోకి ఒలికిపోతోంది.

నాన్న వాడిని గదిలో పెట్టి తాళం వేస్తానంటున్నారు. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చని, వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలని డాక్టరు చెప్పారు. ఆవేశానికి కళ్లెం వేసే మెదడు ముందు భాగం దాదాపు 25 ఏళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుందట, మద్యం ఆ కళ్లాన్నే వదులు చేస్తుందట. చిన్నప్పుడు ఏడీహెచ్‌డీ (కుదురుగా ఉండలేకపోవడం, ఏకాగ్రత నిలవకపోవడం అనే సమస్య) ఉన్నవాళ్లు వ్యసనాల్లో పడే అవకాశం ఎక్కువని కూడా అన్నారు. వాడికి ఆ పరీక్ష ఎవరూ చేయించలేదు. ఆ రోజుల్లో మాకు తెలిసిన మందు బెత్తమే.

ఇంట్లో ఇలాంటివారు ఉన్నవాళ్లు చెప్పండి. తాగుడు మానాక దుడుకుతనం తగ్గిందా, దానికి విడిగా చికిత్స చేయించారా? వరంగల్ చుట్టుపక్కల రెండూ కలిపి చూసే మానసిక వైద్యులు ఉన్నారా? జీతం డబ్బులు వాడి చేతికి ఇవ్వాలా, వద్దా? ఒకటో తేదీ దగ్గర పడుతోంది.