గిటార్ మీద థర్డ్స్‌ను ఆకారాలుగా కంఠస్థం చేయాలా, స్వరాలుగా పాడి నేర్చుకోవాలా?

గుంటూరు_ఆరుతీగలు:
నేను గుంటూరులో ఏడాదిన్నరగా గిటార్ నేర్చుకుంటున్నాను. ఒక స్వరానికి, దాని నుంచి లెక్కిస్తే మూడవదైన స్వరాన్ని జతచేసి రెండు తీగల మీద కలిపి పలికించే థర్డ్స్‌ను రెండు వేళ్ల ఆకారాలుగా గుర్తుపెట్టుకుంటే చాలని మా చర్చిలో వాయించే అన్నయ్య అంటున్నారు. విజయవాడలో నాకు పాఠం చెప్పే మాస్టారు మాత్రం, శంకరాభరణం రాగం ఆరోహణ, అవరోహణలు నోటితో పాడి ఏ స్వరానికి ఏది జతో చెప్పగలిగే వరకు ఆ ఆకారాల జోలికి వెళ్లవద్దన్నారు. ఏది సరైన పద్ధతో కారణాలతో చెప్పగలరా?

కృష్ణలంక_తంత్రి:
మీ మాస్టారి మాటే సరైనదని నా దృఢమైన అభిప్రాయం. పాశ్చాత్యుల మేజర్ స్కేల్ స్వరస్థానాలు మన శంకరాభరణం స్వరస్థానాలే కాబట్టి, మధ్యలో ఒక్కొక్క స్వరాన్ని వదిలి జతచేస్తూ పోతే స–గ, రి–మ, గ–ప, మ–ద, ప–ని, ద–స, ని–రి అనే ఏడు జంటలు వస్తాయి. వీటిలో స–గ, మ–ద, ప–ని జంటల మధ్య దూరం 4 ఫ్రెట్లు (గిటార్ మెడ మీది అడ్డ కమ్మీల మెట్లు) కాబట్టి అవి మేజర్ థర్డ్స్. మిగిలిన నాలుగింటి మధ్య 3 ఫ్రెట్లే ఉంటాయి కాబట్టి అవి మైనర్ థర్డ్స్.

ఇప్పుడు వేళ్ల సంగతి చూడండి. రెండో తీగకూ మొదటి తీగకూ మధ్య శ్రుతి అంతరం 5 ఫ్రెట్లు. అందువల్ల సి స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుంటే, రెండో తీగ ఫ్రెట్‌ను ముందు చెప్పే క్రమంలో 1–0, 3–1, 5–3, 6–5, 8–7, 10–8, 12–10, 13–12 వస్తాయి (0 అంటే వేలు పెట్టకుండా మీటే తీగ). అవే జంటలను మూడో, రెండో తీగల మీదికి తెస్తే ఆ ఆకారాలేవీ పనికిరావు, ఎందుకంటే ఆ రెండు తీగల మధ్య అంతరం 4 ఫ్రెట్లే. అక్కడ 5–5, 7–6, 9–8, 10–10, 12–12 అని పట్టుకోవాలి. ఆకారాన్నే నమ్ముకున్నవారు తీగ మారగానే మళ్లీ మొదటికి వస్తారు. స–గ అని తెలిసినవారు ఏ తీగ మీదనైనా దానిని వెతికి పట్టుకోగలరు. కల్యాణి రాగంలో, శంకరాభరణం మధ్యమం కంటే ఒక ఫ్రెట్ పైనుండే ‘ప్రతి మధ్యమం’ వచ్చినప్పుడు రి–మ జంట మేజర్‌గా, మ–ద జంట మైనర్‌గా మారిపోతాయి, మిగిలిన ఐదూ కదలవు. ఈ సంగతి స్వరం తెలిసినవారికి క్షణంలో బోధపడుతుంది.

బ్రాడీపేట_కోరస్:
తంత్రి గారూ, మీ లెక్కలో తప్పు లేదు. కానీ మా బృందంలో పై గొంతు పాడే అక్కయ్యలలో చాలామందికి స్వరాల పేర్లే తెలియవు. పక్కవారి గొంతు విని, దానికి ఒదిగేలా పాడతారు. చెవికి ఆ తీపి తగలకముందే పేర్లు వల్లె వేయిస్తే, నేర్చుకునే పిల్లలు మూడో నెలకే గిటార్‌ను గోడకు తగిలిస్తారని నేను కళ్లారా చూశాను. ముందు వేళ్లకు పని చెప్పి, ఆ తర్వాత పేరు చెప్పడం తప్పెలా అవుతుంది?

గాంధీనగరం_శ్రోత:
ఇద్దరూ వదిలేసిన విషయం ఒకటుంది. మోహనం వంటి ఔడవ రాగంలోని, అంటే ఐదు స్వరాలే ఉన్న రాగంలోని పాటకు శంకరాభరణం జంటలనే తెచ్చి పెడితే, రికి తోడుగా మ, పకు తోడుగా ని వచ్చి చేరతాయి. ఆ రెండూ మోహనంలో లేని స్వరాలు. పోనీ రాగంలోని ఐదు స్వరాలలోనే ఒకటి వదిలి ఒకటి పట్టుకుంటే, స–గ తప్ప మిగిలిన రి–ప, గ–ద, ప–స, ద–రి జంటలన్నీ 5 ఫ్రెట్ల దూరంలో పడతాయి, అంటే అవి థర్డ్స్ కావు, ఫోర్త్స్. నా అభ్యంతరం వాద్యం మీద కాదు. ఫ్రెట్లున్న పాశ్చాత్య వాద్యం మీద గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, పలుకుతుందని పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు లోకానికి చూపించారు. తోడి రాగంలో గాంధారం ఊగుతున్నప్పుడు దాని జత స్వరం ఎక్కడ నిలబడాలన్నదే నా ప్రశ్న.

కృష్ణలంక_తంత్రి:
శ్రోత గారూ, గమకమే ప్రాణమైన చోట థర్డ్స్ వాడకూడదనే నేనూ అంటాను. మోహనంలో మాత్రం స–గ, గ–ప, ద–స జంటలు రాగంలోనే ఉన్నాయి కాబట్టి ఆ మూడు చోట్లా తోడు కలిపి, రి, ప స్వరాలను ఒంటరిగా వదిలేయవచ్చు. కోరస్ గారు చెప్పిన చెవి మాటను నేను కాదనను. అందుకే ఆరుతీగలు గారు ఒక పని చేయండి: మూడో, రెండో తీగల మీద జంటను మీటుతూ, పై స్వరాన్ని మాత్రం దాని పేరుతో నోటితో పాడండి.

గుంటూరు_ఆరుతీగలు:
నిన్న రాత్రి అలాగే చేశాను. మూడో జంట దగ్గర అలవాటుగా 9–9 పట్టుకున్నాను, కానీ నేను పాడుతున్న పంచమానికి అది కలవక గొంతు ఆగిపోయింది. రెండో తీగ మీది వేలిని ఒక ఫ్రెట్ వెనక్కి జరపగానే కలిసింది. అన్నయ్యకు కూడా ఈ ఆదివారం ఇలాగే పాడి చూపిస్తాను.