టెస్లా చివరికి చితికిపోవడానికి ఎడిసనే కారణమా?

పాత ఇంజనీరు:
వాట్సాప్‌లో మళ్లీ అదే వీడియో తిరుగుతోంది. బల్బుతో పేరు తెచ్చుకున్న ఎడిసన్ మోసం చేశాడట, అందుకే నికోలా టెస్లా అనే విద్యుత్ ఆవిష్కర్త అప్పులపాలై హోటల్ గదిలో పోయాడట. పోయిన సంగతి నిజమే. 1943 జనవరి 7న న్యూయార్కర్ హోటల్లో ఒంటరిగానే కన్నుమూశారు. కానీ ఆ పాపం ఎడిసన్ నెత్తిన వేయడం తప్పని నా వాదన. టెస్లా ఎడిసన్ కంపెనీలో పనిచేసింది 1884లో, మహా అయితే ఆరు నెలలు. ఆయన పేరు మోగిందంతా అక్కడి నుంచి బయటికొచ్చాకే. 1888లో ఏసీ (దిశ మార్చుకుంటూ పారే కరెంటు) మోటారు పేటెంట్లు, 1893లో ఏసీతో వెలిగిన చికాగో ప్రపంచ ప్రదర్శన, 1896లో నయాగరా కరెంటు బఫెలో నగరానికి చేరడం, ఇవన్నీ ఎడిసన్ ఆపగలిగాడా? అసలు దెబ్బ తగిలింది వైర్‌లెస్ సందేశాల కోసం ఆయన మొదలుపెట్టిన వార్డెన్‌క్లిఫ్ టవర్ దగ్గర.

గుంటూరు మిర్చి:
సర్, ఎడిసన్‌ని మరీ తేలిగ్గా వదిలేస్తున్నారు. 50,000 డాలర్లు ఇస్తామని పని చేయించుకుని, తర్వాత అదంతా జోక్ అన్నారా లేదా? ఎడిసన్ అమ్మింది డీసీ (ఒకే దిశలో పారే కరెంటు). పోటీగా వచ్చిన ఏసీ ప్రమాదమని నిరూపించడానికి హెరాల్డ్ బ్రౌన్ అనే ఇంజనీరు కుక్కలకి షాక్ ఇచ్చి చంపింది ఎడిసన్ ల్యాబ్‌లో కాదా? 1890లో కెమ్లర్ అనే ఖైదీని ఎలక్ట్రిక్ కుర్చీలో చంపడానికి ఏరికోరి ఏసీ అమ్మే వెస్టింగ్‌హౌస్ కంపెనీ జనరేటరే తెచ్చారు. జనానికి ఏసీ అంటే భయం పుట్టించడానికి కాకపోతే ఇంకెందుకు?

పాత ఇంజనీరు:
కుక్కల సంగతి నిజం. అది ఎడిసన్ పేరుకి మచ్చే, నేను వెనకేసుకు రాను. కానీ ఆ పోరు వెస్టింగ్‌హౌస్ కంపెనీ మీద నడిచింది, అందులో ఓడింది కూడా ఎడిసనే. 1892లో ఎడిసన్ జనరల్ ఎలక్ట్రిక్ ఇంకో కంపెనీతో కలిసి జనరల్ ఎలక్ట్రిక్ అయినప్పుడు పేరులోంచి ఎడిసన్ అన్న మాటే ఎగిరిపోయింది. ఇక 50,000 డాలర్ల విషయం. టెస్లా 1919లో రాసుకున్న జ్ఞాపకాల్లో ఆ మాట ఇచ్చింది మేనేజరని ఉంది, ఎడిసన్ అని లేదు.

వార్డెన్‌క్లిఫ్ చూడండి. అట్లాంటిక్ దాటి వైర్‌లెస్ సందేశాలు పంపుతానంటే 1901లో బ్యాంకర్ జె.పి. మోర్గన్ 1,50,000 డాలర్లకి ఒప్పుకున్నారు. ఆ ఏడాది డిసెంబరు 12న మార్కోనీ న్యూఫౌండ్‌లాండ్‌లో గాలిపటానికి తీగ కట్టి, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ‘ఎస్’ సంకేతం విన్నానని ప్రకటించారు. టెస్లా ఏం చేయాలి? ఉన్న డబ్బుతో ముందు ఒక్క సందేశం అవతలి ఒడ్డుకి పంపి చూపించాలి. ఆయన ప్లానే పెంచేశారు. సందేశాలే కాదు, వైర్లు లేకుండా కరెంటు కూడా పంపుతానన్నారు. మోర్గన్ ఇంకో పైసా విదల్చలేదు. చివరికి హోటల్ బాకీ కింద ఆ స్థలం రాసిచ్చేశారు, 1917లో టవర్ కూల్చేశారు. నాకు టెస్లా అంటే ప్రాణం. అయినా ఆ నిర్ణయం ఆయనదే.

వైండింగ్ షాప్, ఖమ్మం:
అన్నా, మధ్యలో నాదో మాట. నేను పంపు మోటార్లకి వైండింగ్ చేస్తాను. టెస్లా పేటెంటు తీసుకున్న ఏసీ మోటారు రకమే ఇవి. లోపల తిరిగే రోటర్‌కి బయటి నుంచి ఒక్క వైరు పోదు. బ్రష్షులుండవు, నిప్పురవ్వలుండవు. అయినా తిరుగుతది. చుట్టూ ఉన్న కాయిల్స్‌లో కరెంటు ఒకదాని తర్వాత ఒకటి పెరిగి తగ్గుతుంటే అయస్కాంత క్షేత్రమే గుండ్రంగా తిరుగుతది, రోటర్ దాని వెంట పడతది. మూడు ఫేజుల్లో ఏ రెండు వైర్లు మార్చినా మోటారు ఉల్టా తిరుగుతది. ఈ తెలివి చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తది.

కానీ ఇది టెస్లా ఒక్కడి కష్టమే అంటే ఒప్పుకోను. ఇటలీలో ఫెరారిస్ అనే శాస్త్రవేత్త కూడా సొంతంగా ఇదే కనిపెట్టి 1888 మార్చిలో ప్రచురించిండు. టెస్లా పేటెంట్లు వచ్చింది ఆ మే నెలలో. మనం వాడే మూడు ఫేజుల మోటారుకి రూపమిచ్చింది జర్మనీలో పనిచేసిన డొలివో-డోబ్రొవోల్‌స్కీ. వాళ్ల మీద ఒక్క వీడియో కూడా కనపడదు.

గుంటూరు మిర్చి:
సరే, ఎడిసన్‌ని పక్కన పెడదాం. మరి వెస్టింగ్‌హౌస్? టెస్లా పేటెంట్లు వాడుకున్నందుకు మోటారు హార్స్‌పవర్‌కి రెండున్నర డాలర్ల రాయల్టీ అని కాంట్రాక్టు రాసుకుని, తర్వాత దాన్ని వదిలేయించుకోలేదా? అది ఉండుంటే మోర్గన్ గడప తొక్కాల్సిన పనేముంది?

పాత ఇంజనీరు:
ఇదీ అడగాల్సిన ప్రశ్న. 1890 నాటి ఆర్థిక సంక్షోభంలో వెస్టింగ్‌హౌస్ బ్యాంకర్ల చేతికి చిక్కారు, రాయల్టీ ఉంటే అప్పు పుట్టదన్నారు. టెస్లా వదులుకున్నారు. స్నేహం కోసం కాంట్రాక్టు చించేశారన్న సీను ఆయన పోయాక వచ్చిన జీవితచరిత్రలోది, దాన్ని నమ్మి వాదించను. 1897లో కంపెనీ 2,16,000 డాలర్లిచ్చి పేటెంట్లు పూర్తిగా కొనేసుకుంది. అప్పట్లో అది పెద్ద మొత్తమే, కానీ ఆ మోటారు మీద కంపెనీలు సంపాదించిన దాని ముందు ఏపాటి? మళ్లీ 1934 నుంచి అదే కంపెనీ నెలకి 125 డాలర్లు, హోటల్ అద్దె కట్టింది. ముసలితనంలో ఆ కాస్త ఇచ్చినంత మాత్రాన పాత లెక్క తీరినట్టు కాదు. దీని మీద వేరే థ్రెడ్ తెరవండి, నేను మీ పక్కనే నిలబడి వాదిస్తాను.