డార్క్ కామెడీని తెలుగులో ఏమందాం?

డార్క్ కామెడీకి ‘విషాద హాస్యం’ సరిపోదా అని దేవరకొండ పాఠకమిత్రులు, గూఢచారి కన్నా ‘వేగు’ మంచి మాట కదా అని మిర్యాలగూడ సోదరి రాశారు. వారికి జవాబు చెప్పే ముందు ఒక సంగతి. మొన్న ఆదివారం రాత్రి నల్లగొండ రామగిరిలో మిత్రుని ఇంట్లో ఐదుగురం కూర్చుని, హాలీవుడ్ దర్శకులు కోయెన్ సోదరులు 2008లో తీసిన ‘బర్న్ ఆఫ్టర్ రీడింగ్’ చూశాం. వాషింగ్టన్‌లో ఒక వ్యాయామశాలలో పనిచేసే ఇద్దరి చేతికి ఒక డిస్కు చిక్కుతుంది. ఉద్యోగం వదిలేసిన, అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ విశ్లేషకుడు రాసుకుంటున్న జ్ఞాపకాలు అందులో ఉంటాయి. వీళ్ళు అవి దేశ రహస్యాలనుకుని అతనితో బేరానికి దిగుతారు, అది బెడిసికొడితే రష్యా రాయబార కార్యాలయానికి పోతారు. అంతవరకు అందరం హాయిగా నవ్వాం.

తర్వాతి సంగతి చెప్పకుండా మాట గురించి మాట్లాడలేను, చూడనివారు మన్నించాలి. బ్రాడ్ పిట్ పాత్ర బట్టల అల్మారాలో దాక్కుంటుంది. తలుపు తెరుచుకుంటుంది. అతను వెర్రినవ్వు ఒకటి నవ్వుతాడు, ఎదుటివాడు తుపాకీ పేల్చేస్తాడు. మా గదిలో ఇద్దరి నవ్వు ఆ చప్పుడు దాటి ఒక క్షణం సాగి, సిగ్గుపడి ఆగిపోయింది. రిటైరైన లెక్కల మాస్టారు సగం కొరికిన బజ్జీని పళ్ళెంలో పెట్టి, “ఇందులో నవ్వడానికేముందయ్యా?” అన్నారు. నవ్విన ఇద్దరిలో ఆయన ఒకరు.

“చావును చూపించి నవ్వించే దీన్ని డార్క్ కామెడీ అంటారు సార్” అన్నాడు మిత్రుడు. “తెలుగులో చెప్పు” అన్నారాయన. అక్కడ ఇరుక్కున్నాం.

నల్ల హాస్యం అన్నాను. నల్లధనం, నల్లబజారు విన్న చెవికి అది దొంగచాటుగా అమ్మే సరుకులా వినిపిస్తుంది. పైగా మా వైపు నల్లా అంటే కుళాయి. చీకటి హాస్యమంటే కరెంటు పోయినప్పుడు వేసుకునే జోకులనుకుంటారు. కృష్ణహాస్యమంటే వెన్నదొంగ గుర్తొస్తాడు.

అసలు చిక్కు రంగులోనే ఉంది. నాట్యశాస్త్రంలో భరతుడు రసాలకు రంగులు చెబుతూ ‘సితో హాస్యః’ అన్నాడు. హాస్యం తెలుపు, నలుపు భయానకానిది, నీలం బీభత్సానిది. విశ్వనాథుడనే సంస్కృత ఆలంకారికుడి సాహిత్యదర్పణమైతే భయానకమూ కరుణా హాస్యానికి విరోధులని తేల్చింది. ఈ సినిమా చేసిందల్లా ఆ విరోధులను తెచ్చి ఒకే అల్మారాలో కుక్కడం. తెల్లటి హాస్యానికి నల్లరంగు పూసినంత మాత్రాన ఆ పని జరగదు. అందుకే రంగు చెప్పే విశేషణం ఏది తగిలించినా అతకడం లేదని నా అభిప్రాయం.

పేరు లేదు గానీ సరుకు మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. ‘ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు.’ ‘అత్త చచ్చిన ఆరు నెలలకు కోడలి కంట నీరొచ్చిందట.’ ఈ రెండింటికీ నవ్వు రాని తెలుగువారు ఉంటారా? నవ్వాక, కాలిన ఇంటివాడి ముఖం గుర్తొచ్చి గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఆ అడ్డుపడటమే మనకు కావలసిన అర్థం.

దేవరకొండ నుంచి రాసిన మిత్రులు ‘విషాద హాస్యం’ సరిపోదా అన్నారు. సరిపోదండీ. విషాదమంటే ఎవరో ఒకరు దుఃఖించాలి. ఇక్కడ శవం సంగతి చెప్పగానే సీఐఏ పై అధికారి దాన్ని కాల్చేయమంటాడు, పనికిరాని కాగితం గురించి చెప్పినంత తేలిగ్గా. చుట్టకు నిప్పు అడిగినవాడి గొంతు అది. నన్నడిగితే ‘చుట్టనిప్పు హాస్యం’ అంటాను. నవ్వేవారు నవ్వండి.

గూఢచారి కన్నా ‘వేగు’ మంచి మాట కదా అని మిర్యాలగూడ సోదరి అడిగారు. ఈ సినిమా వరకు నిజంగా మంచిదమ్మా. రహస్యం మోసుకొచ్చేవాడు వేగు, తెల్లవారుజామున పొడిచేది వేగుచుక్క, నూనెలో వేగేది బజ్జీ. ఇక ఈ కథలో ఉన్నవాళ్ళంతా ఒకరితో ఒకరు వేగలేనివాళ్ళే. గూఢంగా చరించడం మాత్రం వాళ్ళలో ఒక్కరికీ చేతకాదు.

ఇది రాస్తుండగా మాస్టారు ఫోను చేశారు. పొద్దున పాలు తెస్తుంటే దారిలో ఆ అల్మారా గుర్తొచ్చి నవ్వొచ్చిందట, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసుకున్నారట. “మాట దొరికిందా?” అని అడిగారు. ‘చుట్టనిప్పు’ వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. “నేను చుట్ట మానేసి ఇరవై ఏళ్ళయింది, ఇంకొకటి చూడు” అన్నారు.