బతుకమ్మకు ఇంట్లున్న బట్టతోనే లంగాలు, తోరణం, సత్తు సంచులు: ఎట్ల మొదలుపెట్టాలె?

హనుమకొండ నుంచి, ప్రశ్న:

అక్కలకు, వదినలకు నమస్తే. ఈసారి బతుకమ్మకు నా ఇద్దరు బిడ్డలకు లంగాలు బజార్ల కొనకుండ ఇంట్లనే కుట్టాలని ఉన్నది. పెద్దదానికి 9 ఏండ్లు, చిన్నదానికి 5. మా అత్తమ్మకు, నాకు వచ్చిన బతుకమ్మ చీరలు మూడు మడత గూడ విప్పకుండ బీరువల ఉన్నయి. అవిగాక రెండు పాత కాటన్ చీరలు, మామయ్య తెల్ల ధోతి, పెండ్లిళ్లల్ల పెట్టిన జాకెట్ ముక్కలు సంచెడు, అంచులు చినిగిన జంపఖానా ఒకటి. అమ్మగారింటి నుంచి తెచ్చుకున్న పాత కాళ్ల మిషిన్ ఉన్నది. సీదా కుట్టు వస్తది, జాకెట్లు కుట్టుడు మాత్రం ఎన్నడు నేర్చుకోలే. లంగాలతోని పాటు దర్వాజకు తోరణం, సద్దుల రోజు సత్తుపిండి పంచెటందుకు కవర్ల బదులు చిన్న సంచులు గూడ చెయ్యాలె. దారం, నాడా, హుక్కులు తప్ప ఇంకేం కొనదల్చుకోలే. ఒక్క చీరల రెండు లంగాలు ఎల్తయా? ఏ బట్ట దేనికి పనికొస్తదో జర చెప్పుండ్రి.

పరకాల టైలరక్క:

చెల్లె, ఎల్తయి. బట్ట మిగులుతది గూడ. కత్తెర పట్టే ముందు మాత్రం నీ దగ్గరున్న బట్టలన్ని మంచం మీద పరిచి కాటన్ ఒక దిక్కు, పాలిస్టర్ ఒక దిక్కు పెట్టు. చానామంది ఏం కుట్టాలెనో ముందు అనుకోని, తర్వాత బట్ట ఎతుకుతరు. అప్పుడే బజార్‌కు పోవలసి వస్తది. బట్టను చూసి పని అనుకుంటే కొనే అవసరమే రాదు.

బతుకమ్మ చీరలు 2017 నుంచి సర్కారు పంచినవి, సిరిసిల్ల మరమగ్గాల మీద నేసినవి. ఎక్కువ మటుకు పాలిస్టర్ దారమే. అనుమానముంటే చీర చివర్న ఒక పోగు గుంజి, నీళ్ల గిన్నె మీద పట్టుకోని అంటించి చూడు. కాటన్ కాయితం లెక్క కాలి బూడిదైతది. పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడతది. ఈ తేడా పిల్లల బట్టకు మస్తు ముఖ్యం, ఎందుకో కింద చెప్త.

పాలిస్టర్ చీరల మంచి గుణమేందంటే గుంజుకపోదు, రంగు అంత తొందరగ పోదు, జరీ అంచు సక్కగ నిలబడ్తది. లంగా ఘేరుకు, అంటే కింది చుట్టుకు, బాగుంటది. చెడు గుణం, చెమట పీల్చదు. అందుకే లోపల లైనింగ్ ఖచ్చితంగ కాటన్‌దే వెయ్యి. మామయ్య ధోతి దానికే. ధోతిని ముందే ఒక రాత్రి నీళ్లల్ల నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసినంకనే కత్తిరించు. లేకుంటే మొదటి ఉతుకుల లైనింగ్ గుంజుకపోయి పై బట్ట ఉబ్బుతది.

ఇగ కొలత. చీర పొడుగు 5.5 మీటర్లు, పన్న 45 అంగుళాలు అనుకో. చీర చీరకు తేడా ఉంటది కాబట్టి నీది టేపుతోని కొలుచుకో. పెద్దదానికి నడుము నుంచి చీలమండ దాక 31 అంగుళాలు అనుకుందాం. అండ్ల పెరుగుదల మడతలకు 4, కుట్టుకు 1 కలిపితే 36. చిన్నదానికి 23 అయితే 28. అంచు కిందికి వచ్చేటట్టు అడ్డంగ కొలిచి కొయ్యాలె. పెద్దదానికి 2.5 మీటర్లు, చిన్నదానికి 2 మీటర్లు తీస్తే ఘేరు నిండుగ ఉంటది. మిగిలిన మీటరు కొంగు ఇద్దరి జాకెట్లకు సరిపోతది. పైన రెండో అంచు ఉన్న పట్టీలు రెండు మిగుల్తయి, పెద్దదాని దిక్కు 9 అంగుళాలది, చిన్నదాని దిక్కు 17 అంగుళాలది. అవి పారెయ్యకు, నీ సంచులు అండ్లనే ఉన్నయి.

పెరుగుదల మడతలంటే, అంచుకు నాలుగు అంగుళాల పైన ఒక్కొక్కటి అంగుళం లోతుతోని రెండు మడతలు. ఒక్కో మడత రెండు అంగుళాల బట్ట తీసుకుంటది. కుచ్చిళ్లు పెట్టకముందే, బట్ట సాపుగ ఉన్నప్పుడే కుట్టెయ్యి. కుట్టు పెద్దగ పెట్టు, వచ్చే ఏడు ఒకటి ఇప్పితే లంగా రెండు అంగుళాలు పొడుగైతది, ఆ పై ఏడు ఇంకోటి. ఆడపిల్లల లంగా ఒక్క పండుగకే పొట్టిగ కావొద్దు. రెడీమేడ్‌ల ఈ మడత పెట్టరు, ఇంట్ల కుట్టుడుకు ఉన్న అసలు లాభం ఇదే అంట నేను.

నడుము పట్టీ చీర బట్టతోని వెయ్యకు. పాలిస్టర్ మీద నాడా జారుతది, పిల్లల నడుము ఒరుస్తది. ధోతి ముక్కతోనే పట్టీ వెయ్యి.

జగిత్యాల వదిన:

టైలరక్క చెప్పినదానికి ఇంకోటి కలుపుత. పాలిస్టర్ కత్తిరిస్తుంటే జారిపోతది. కింద పాత పేపర్ పరిచి, గుండుసూదులు పెట్టి, పేపర్‌తోని కలిపి కొయ్యి, గీత సీదా వస్తది. కోసిన అంచుల పోగులు ఊడుతయి. దగ్గర్ల ఇంటర్‌లాక్ మిషిన్ లేకుంటే రెండుసార్లు కుట్టు: ముందు ఉల్టా దిక్కులు కలిపి పావు అంగుళంల ఒక కుట్టు, తర్వాత తిప్పి సీదా దిక్కులు లోపలికి పెట్టి ఇంకో కుట్టు. పోగులన్ని లోపల బందైతయి. ఇస్త్రీ పెట్టె తక్కువ వేడి మీదనే ఉంచి, పైన తడి కాటన్ గుడ్డ వేసి రుద్దు. సీదా పెడితే అంచు మాడి ముడుచుకపోతది.

హనుమకొండ నుంచి:

ధన్యవాదాలక్కా, పోగు అంటించి చూసిన, మూడు చీరలూ కరిగి ఉండ కట్టినయి. ఒక చీర కోసి మడతలు పెట్టుడు మొదలుపెట్టిన. కాని మిషిన్ మీద కింద దారం ఉండలు ఉండలుగ వస్తున్నది, అక్కడక్కడ కుట్టు పడ్తలేదు. ధోతి మీద మాత్రం మంచిగనే కుడుతున్నది.

పరకాల టైలరక్క:

ధోతి మీద కుట్టి చీర మీద కుట్టలేదంటే ముందు సూది సంగతి చూడు. మెత్తటి పాలిస్టర్‌కు 11 నంబర్ సూది, కొత్తది కావాలె. మొద్దుబారిన సూదైతే పోగు మధ్యలకు దిగకుండ బట్టను తోస్తది, అందుకే కుట్టు ఎగుర్తది. పాతది తీసే ముందు సూది చదును దిక్కు ఎటున్నదో చూసుకో, కొత్తది అట్లనే, పైకి ఆనేదాక పెట్టి బిగించు.

కింద ఉండలు కడ్తున్నదంటే బాబిన్‌ది తప్పు అనుకుంటరు గాని చానాసార్లు పై దారం సరిగ్గ కూసోకపోవుడే కారణం. బట్టను ఒత్తిపట్టే మిషిన్ కాలు పైకి లేపి, దారం మొత్తం తీసి మళ్ల ఎక్కించు. ఆ కాలు దించి ఉంటే దారాన్ని బిగపట్టే బిల్లల నడుమ దారం లోపలికి పోదు. తర్వాత బాబిన్ డబ్బీ తీసి, అది కూసునే తావు గుడ్డతోని తుడువు, ఏండ్ల నూలు ఈకలు ఉంటయి అక్కడ. నూనె మిషిన్ నూనెనే వెయ్యి, కొబ్బరినూనె వెయ్యకు, చిక్కబడి పట్టేస్తది. కోసిన ముక్క మీద రెండు గీతలు కుట్టి చూసినంకనే లంగా పెట్టు.

జాకెట్ రాదన్నవు. చిన్న పిల్లలకు కప్పులు, ప్లీట్లు ఉండవు కాబట్టి భయపడకు. సరిపోతున్న పాత జాకెట్ పేపర్ మీద పరిచి, చుట్టూ గీసి, అరంగుళం కుట్టుకు, పక్కలకు మాత్రం ఒక అంగుళం ఎక్కువ పెట్టి కొయ్యి. వెనుక హుక్కులు పెడితే మెడ సమస్య రాదు. చేతులకు 9 అంగుళాల పట్టీ మీదున్న జరీ అంచు కత్తిరించి వెయ్యి, లంగాకు జోడైతది. మొత్తం ధోతి లైనింగ్.

కొత్తవాడ నుంచి:

జంపఖానా గురించి ఎవ్వరు చెప్పలే. మా దిక్కు మగ్గాల మీద నేసే జంపఖానాలకే 2018ల వరంగల్ దరీలని భౌగోళిక గుర్తింపు వచ్చింది. చినిగిన అంచు కత్తిరించేస్తే నడుమ ఇంకా గట్టిగనే ఉంటది, పారెయ్యకుండ్రి. ఎక్కడ కొయ్యాలెనో అక్కడ సుద్దతోని గీత గీసి, గీతకు రెండు దిక్కుల రెండేసి వరుసలు కుట్టి, తర్వాతనే కొయ్యాలె. ముందే కోస్తే నూలంత ఊడి చేతికొస్తది. సూది 16 లేదా 18 వెయ్యి, మెల్లగ తొక్కు. బతుకమ్మ ఆడినంక నలుగురు కూసోని సద్దులు తినెటందుకు చిన్న ఆసనాలు, పూల సంచి చేసుకోవచ్చు. తంగేడు, గునుగు తెచ్చెటందుకు కవర్ కంటే ఇది మంచిది, పూలు ఉమ్మవు. సంచి పిడులకు గూడ జంపఖానా అంచే వాడుండ్రి, ఇంట్ల ఉన్న బట్టలల్ల అంత గట్టిది ఇంకోటి దొరకదు.

హుస్నాబాద్ పెద్దమ్మ:

బిడ్డా, అన్ని మంచిగనే ఉన్నయి గాని దర్వాజకు బట్ట తోరణం ఎందుకు? పచ్చి మామిడాకు రూపాయి ఖర్చు లేకుండ దొరుకుతది. పండుగ నాడు దర్వాజకు ఆకే ఉండాలె.

హనుమకొండ నుంచి:

నిజమే పెద్దమ్మా, దర్వాజకు పచ్చి ఆకే కడ్తం. మేముండేది అపార్ట్‌మెంట్ల, చెట్టు దూరం, కట్టిన ఆకు మూడు రోజులకు ఎండిపోతది. లోపల దేవుని గూటికి, హాల్‌కు బట్టది పెట్టి ప్రతి ఏడు తీసి వాడుకోవాలని నా ఆలోచన.

జగిత్యాల వదిన:

అట్లైతే తోరణం జాకెట్ ముక్కలతోనే చెయ్యి. ఆకుపచ్చ రూబియా, పాప్లిన్ ముక్కలు ఏరు. ఆకు 6 అంగుళాల పొడుగు, కుట్టుతోని కలిపి రెండుంబావు వెడల్పు, అట్ట మీద ఒక అచ్చు కోసుకో. రెండు ముక్కలు సీదా దిక్కులు లోపలికి పెట్టి చుట్టూ కుట్టి, పైన తెరిచి ఉంచి, తిప్పి ఇస్త్రీ చెయ్యి. మొన తిరగకుంటే కుట్టు దాక కొస కత్తిరించి, పెన్సిల్‌తోని లోపలి నుంచి తొయ్యి. నడుమ ఒక సీదా కుట్టు వేస్తే ఈనె లెక్క కనపడ్తది, అదే ఆకును నిలబెడ్తది గూడ, బక్రం అక్కర్లేదు. రెండున్నర అంగుళాలకు ఒకటి పెడితే మూడడుగుల దర్వాజకు 14 ఆకులు.

బంతిపూలకు పసుపు, నారింజ ముక్కలు. రెండు అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడుగు పట్టీ నిలువునా మడిచి, తెరిచిన అంచు మీద చేతితోని దూర దూరం కుట్టి, దారం గుంజి చుట్టెయ్యి, కింద నాలుగు కుట్లు వేసి ముడెయ్యి. పొడుగు పట్టీ దొరకకుంటే రెండు ముక్కలు అతికించు, చుట్టినంక కనపడదు. పిల్లలు ఈ పని ఇష్టంగ చేస్తరు. సూది పట్టరాని చిన్నదానికి ఉలెన్ దారం ఇవ్వు, అట్ట ముక్కకు చుట్టి, నడుమ కట్టి, అంచులు కత్తిరిస్తే బంతి అయితది.

పరకాల టైలరక్క:

ఇగ సత్తు సంచులు. 17 అంగుళాల పట్టీ 2 మీటర్లు ఉంటది కదా, 7 అంగుళాలకు ఒకటి కోస్తే 11 సంచులు. అడ్డంగ మడిస్తే ఒక దిక్కు నోటికి జరీ అంచు వస్తది, అదే అందం. నోటికి అంగుళం మడత కుట్టి, అండ్లకెళ్లి దారం పోనియ్యి, తర్వాత పక్కలు కుట్టు, దారం బయటికొచ్చే తావు మాత్రం వదులు. సత్తుల నెయ్యి, బెల్లం ఉంటయి కాబట్టి బట్టల సీదా పొయ్యకు. మోదుగాకుల పొట్లం కట్టి సంచిల పెట్టు. సంచి ఉతికి పసుపు కుంకుమకు, చెవుల పోగులకు వాడుకుంటరు, తీసుకున్నోళ్లు పారెయ్యరు.

9 అంగుళాల పట్టీ మిగిలితే దసరా నాడు పిల్లలకు మెడల వేసుకునే జమ్మి సంచులు కుట్టు. జమ్మి ఆకునే బంగారమని పెద్దోళ్లకు పెట్టి కాళ్లు మొక్కుతరు కదా, ఆకు అండ్ల నలగకుండ ఉంటది, ఇచ్చిన రూపాయలు గూడ పోవు.

ములుగు నుంచి:

కుట్టు కాదు గాని బతుకమ్మ పనే కాబట్టి చెప్తున్న. గునుగుకు బజార్ రంగు పొడులు అద్దుతున్నరు, ఆ నీళ్లు చెరువులకే పోతయి. గునుగు కొసలు సమంగ కోసి, కట్టలు కట్టి, పసుపు నీళ్లల్ల ముంచితే పసుపుపచ్చగ అయితది. అదే పసుపు నీళ్లల్ల కొంచెం తినే సున్నం కలిపితే నీళ్లు ఎర్రబడ్తయి, ఆ కట్టలు వేరే ముంచు. బజార్ రంగంత గాఢంగ రాదు. తంగేడు పక్కన పేరిస్తే మాత్రం నిండుగ కనపడ్తది. సున్నం పిల్లల చేతులకు అంటనియ్యకుండ్రి.

హనుమకొండ నుంచి:

సూది మార్చిన, దారం మళ్ల ఎక్కించిన, కుట్టు సాఫ్ అయ్యింది. పెద్దదాని లంగా అయిపోయింది, మడతలు లోపల ఉన్నట్టు గూడ తెల్వదు. ఒక్క సందేహం. పోగు కరిగినప్పటి నుంచి మనసుల గుబులున్నది. బతుకమ్మ మీద దీపం పెడ్తం, తర్వాత దీపావళి. పిల్లలు ఈ లంగాల్తోనే ఉంటే?

పరకాల టైలరక్క:

ఎందుకో కింద చెప్త అన్నది ఇదే చెల్లె. కాటన్‌కు గూడ నిప్పు అంటుకుంటది, అయినా పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటది, గాయం లోతైతది. బతుకమ్మ ఆడేటప్పుడు పిల్లల్ని దీపం దగ్గరికి వంగనియ్యకు, ఓణి ఉంటే నడుముకు బిగించి దోపు. దీపావళి నాడు మాత్రం ఈ లంగాలు వద్దే వద్దు. దానికి నీ రెండు పాత కాటన్ చీరలు ఉన్నయి. ఒక్కోటి కిటికీ వెలుగుకు పట్టి చూడు, పలచబడ్డ తావు సుద్దతోని గుర్తుపెట్టు, సాధారణంగ కూసునే దిక్కు, మడమ తగిలే దిక్కు అరుగుతది. అవి వదిలి గట్టి తావునే కొయ్యి. ఘేరు తక్కువ పెట్టు, నడుముకు రెండింతలు చాలు, వేలాడే బట్ట ఎంత తక్కువుంటే అంత మంచిది. పొడుగు చీలమండకు రెండు అంగుళాల పైకే ఆపు, చేతులు పొట్టిగ పెట్టు. లైనింగ్ గూడ ధోతిదే. ధోతి అయిపోతే రెండో చీరల మిగిలినదాంట్ల నుంచి తియ్యి, పాలిస్టర్ ముక్క మాత్రం ఎక్కడా కలపకు.