రిలయన్స్ బీటా మైనస్‌లో వస్తోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

కొత్త మదుపరి:
నమస్తే అండీ. బీటా (నిఫ్టీ 1 శాతం కదిలితే షేరు సగటున ఎంత శాతం కదులుతుందో చెప్పే సంఖ్య) కోసం 2024, 2025 రెండేళ్ల రిలయన్స్ వారాంతపు ధరలు, నిఫ్టీ 50 విలువలు ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టి రిగ్రెషన్ (చుక్కల మధ్య సరిపోయే గీత వేసే లెక్క) చేశాను. స్లోప్, అంటే ఆ గీత వాలు, మైనస్‌లో వచ్చింది. సైట్లలో చూస్తే 1కి అటూ ఇటూగా ఉంది, అదీ ఒక్కో సైట్లో ఒక్కోలా. రెండు రోజులుగా దీంతోనే కూర్చున్నా, దయచేసి చెప్పండి.

లెక్కల మాస్టారు:
ధరల మీద చేశారు కదా, అక్కడే వచ్చింది చిక్కు. అలా చేస్తే నిఫ్టీ ఒక పాయింటు కదిలితే షేరు ఎన్ని రూపాయలు కదిలిందో వస్తుంది, అది బీటా కాదు. ఈ వారం ధరని పోయిన వారం ధరతో భాగించి 1 తీసేయండి, నిఫ్టీకి కూడా అంతే. ఆ శాతాల మీద స్లోప్ ఫంక్షన్ వాడండి, ముందు షేరు, తర్వాత నిఫ్టీ. తిరగేస్తే వేరే సంఖ్య వస్తుంది.

కొత్త మదుపరి:
చేశానండీ, ఇప్పుడు ప్లస్‌లోకి వచ్చింది. కానీ ఆర్-స్క్వేర్డ్ (షేరు కదలికల్లో నిఫ్టీతో వివరించగలిగే వంతు) మరీ తక్కువ. గ్రాఫ్‌లో ఒక్క చుక్క మాత్రం ఎక్కడో కింద పడి ఉంది, దాదాపు మైనస్ 50 శాతం.

పాత షేర్లు:
అది బోనస్ అండీ! 2024 అక్టోబర్ 28న రిలయన్స్ 1:1 బోనస్‌తో (ఉన్న ఒక్కో షేరుకి ఇంకో షేరు ఉచితం) ధర సగమైంది, ఎవరూ నష్టపోలేదు. మీరు దించుకున్న ధరలు బోనస్‌కి సర్దుబాటు చేసినవి కావు. మొదట మైనస్ రావడానికీ ఇదే కారణం అయ్యుంటుంది. సర్దుబాటు ధరలు తీసుకుని మళ్లీ చేయండి. నేనైతే స్లోప్ చూసేముందు గ్రాఫ్ చూస్తాను, ఇలాంటి చుక్క ఒక్కటి చాలు మొత్తం పాడవడానికి.

లెక్కల మాస్టారు:
గ్రాఫ్ సంగతి బాగా చెప్పారు. సైట్ల తేడా గురించి కూడా అడిగారు కదా. ఒకరు రెండేళ్ల వారాలు తీసుకుంటారు, ఇంకొకరు ఐదేళ్ల నెలలు, కొందరు వచ్చిన బీటాలో మూడింట రెండు వంతులు తీసుకుని దానికి 0.33 కలుపుతారు, బీటాలు కాలక్రమంలో 1 వైపు జరుగుతాయని. అన్నిటికన్నా ముఖ్యం స్టాండర్డ్ ఎర్రర్, అంటే మన అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత. బీటా 1.1, ఎర్రర్ 0.13 అనుకోండి, ఎర్రర్‌కి రెండింతలు అటూ ఇటూ వేస్తే అసలు బీటా సుమారు 0.84 నుంచి 1.36 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అలాంటప్పుడు ఒక సైట్ 1.05, ఇంకోటి 1.2 అంటే అది తేడానే కాదు. స్లోప్ ఫంక్షన్ ఈ ఎర్రర్ ఇవ్వదు, ఎక్సెల్‌లోనే ఉన్న లైన్‌ఎస్ట్ (LINEST) ఫంక్షన్ ఇస్తుంది. ఇంకోటి, నిఫ్టీలో పెద్ద వాటాలున్న షేర్లలో రిలయన్స్ ఒకటి కాబట్టి షేరుని కొంతవరకు దానితోనే పోల్చుతున్నట్టు, అది మనసులో పెట్టుకోండి.

కొత్త మదుపరి:
బోనస్ సంగతి అస్సలు తట్టలేదండీ. సర్దుబాటు ధరలు దించుకుంటున్నా, లైన్‌ఎస్ట్ చేసి ఇక్కడే పెడతాను.