నీళ్ళు మురికైతే చేప ఎర ముట్టదా?

ప్రశ్న: తెల్లారి 5 నుంచి 11 దాకా గట్టు మీదే ఉన్నా అన్నా, బెండు కదల్లేదు. పోయిన వారం ఇదే చోట ఇదే ఎరకి గంటలో నాలుగు పడ్డాయి, ఇప్పుడు నీళ్ళు మురికిగా ఉన్నాయి అదొక్కటే తేడా. ఎర మూడుసార్లు మార్చా, ముల్లు మార్చా. మురికి నీళ్ళల్లో చేప అసలు తినదా? విసుగొచ్చేసింది.

జవాబు 1: ఏ చేప? ఏ ఎర?

జవాబు 2: తమ్ముడూ ముందు తంగూసు సంగతి చెప్పు. అందరూ ఎర ఎర అంటారు, దారం ఎవరూ చూడరు. నైలాన్ వక్రీభవన గుణకం (వెలుగుని ఎంత వంచుద్దో చెప్పే అంకె) 1.5 పైన, నీళ్ళది 1.33, ఇంకో రకం తంగూసు ఫ్లోరోకార్బన్‌ది 1.42, అంటే నీళ్ళకి దగ్గర కాబట్టి తక్కువ కనపడుద్ది. తేట నీళ్ళల్లో నేను అదే వాడతా, అదీ సన్నది.

జవాబు 3: అన్నా ఆయన అడిగింది మురికి నీళ్ళ గురించి, అక్కడ దారం కనపడితే ఎంత కనపడకపోతే ఎంత. కన్ను ఆననప్పుడు చేప ఒంటి పక్కనుండే గీతతో కదలిక పసిగడుద్ది, జెల్లలకి మీసాలమీదే రుచి తెలుస్తుంది. వానపాములు గుత్తిగా గుచ్చి ఒకేచోట ఉంచండి, మాటిమాటికీ లాగి చూస్తే వాసన పట్టుకుని వచ్చేది కాస్తా దారి తప్పుద్ది. వాన నీళ్ళొచ్చాక గట్టు వారన, గడ్డి మొదట్లో వేయాలి.

ప్రశ్న: వాన పడలేదండి. నీళ్ళు పచ్చగా ఉన్నాయి.

జవాబు 1: అది మురికి కాదు, నాచు.

జవాబు 3: రెంటినీ మురికే అంటారు కదండి.

జవాబు 4: అంటారు గానీ గాలం వేసేవాడికి రెండూ ఒకటి కాదు. సూక్ష్మ నాచు పగలు ఆక్సిజన్ వదులుద్ది, రాత్రంతా పీల్చుద్ది, తెల్లవారేసరికి నీళ్ళల్లో బాగా తగ్గిపోద్ది. మీరెళ్ళింది సరిగ్గా ఆ టైంకే. చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచాయా?

ప్రశ్న: అవునండి, గుంపుగా! మేతకొచ్చాయనుకుని ఎర పైపైనే వేశా.

జవాబు 4: మేత కాదు, ఊపిరాడక. మధ్యాహ్నం దాటాక వెళ్ళండి, గాలికి అలలు కొట్టే గట్టు వైపు.

జవాబు 5: మురికి, తేట అని వాదించుకునే బదులు కొలవండి. 20 సెం.మీ. తెల్ల పళ్ళెం తాడుకి కట్టి దించి, ఎంత లోతులో మాయమైందో ప్రతిసారీ రాసుకోండి. సెక్కీ పళ్ళెం అంటారు, 1865 నాటి పద్ధతి.

జవాబు 2: తంగూసు ఏదో ఇంకా చెప్పలేదు.

ప్రశ్న: నైలానే అన్నా. సాయంత్రం వెళ్తున్నా, థ్యాంక్స్ అందరికీ.

జవాబు 1: ఏ చేపకి?